పల్నాడులో ముఠా కక్షల నివారణ పథకాలు

పల్నాడులో ముఠా కక్షల నివారణ పథకాలు అనగా ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలోని పల్నాడు జిల్లాలో, ముఖ్యంగా నరసరావుపేట, మాచర్ల, గురజాల పరిసర గ్రామాలలో, ముఠా హింసను తగ్గించడానికి, యువకులు ముఠాలలో చేరకుండా చూడడానికి ఉపకరించే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల గ్రాంట్లు, సహాయ కార్యక్రమాలు. కేంద్ర ప్రభుత్వ పథకాలలో ముఠా కక్షల నివారణ అనే పేరుతో ప్రత్యేక పథకం ఏదీ లేదు. యువజన వ్యవహారాలు, బాలల సంరక్షణ, న్యాయ సేవ, పోలీసు, విద్య, ఉపాధి, పంచాయతీరాజ్ శాఖల క్రింద వేర్వేరుగా ఉన్న నిధులే ఈ పనికి వినియోగపడుతున్నాయి. ఒక్కొక్క శాఖలోని చిన్న పథకాలను కలిపి పెద్ద పథకాలుగా మార్చే పని 2008 నుండి పలుమార్లు జరిగింది. అయితే ఈ విలీనాలు శాఖ లోపలే జరిగాయి గాని శాఖల మధ్య జరుగలేదు. అందువలన కక్షలకు గురైన కుటుంబం ఇప్పటికీ అనేక కార్యాలయాలకు విడివిడిగా వెళ్ళవలసి వస్తున్నది.

ప్రాంతము, నేపథ్యము

పల్నాడు కృష్ణా నదికి దక్షిణాన, నల్లమల అంచున ఉన్న ప్రాంతం. నాపరాయి, సున్నపురాయి నిల్వలకు, మిరప, పత్తి పంటలకు పేరు పొందింది. పూర్వపు గుంటూరు జిల్లాలో భాగంగా ఉండి, 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. పెదకూరపాడు, చిలకలూరిపేట, నరసరావుపేట, సత్తెనపల్లి, వినుకొండ, గురజాల, మాచర్ల శాసనసభ నియోజకవర్గాలు ఈ జిల్లాలో ఉన్నాయి.

12వ శతాబ్దంలో గురజాల నుండి పాలించిన నలగామరాజుకు, మాచర్ల నుండి పాలించిన మలిదేవాదులకు మధ్య కారంపూడి వద్ద జరిగిన పల్నాటి యుద్ధం తెలుగువారికి సుపరిచితం. నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు ఈ కథలో ప్రధాన పాత్రలు. కారంపూడిలో నేటికీ కార్తీక మాసంలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే ఐదు ఘట్టాలతో వీరుల ఉత్సవం జరుగుతుంది. ఈ చరిత్ర కారణంగా నేటి కక్షలను కూడా "పౌరుషాల గడ్డ" అనే మాటతో సరిపెట్టడం కద్దు. ఇది సరియైన వివరణ కాదు. నేటి కక్షలకు మూలం స్థానిక అధికారం, సర్పంచి, పురపాలక పదవులు, కాంట్రాక్టులు, గనులు, భూమి, పార్టీ పోటీ. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారిని ఒకే పంక్తిలో కూర్చుండబెట్టిన చాపకూడు కూడా ఇదే చరిత్రలోని భాగమన్నది గమనించదగినది.

కక్షల స్వరూపము

గ్రామంలో రెండు వర్గాలు ఏర్పడడం, ఒక్కొక్క వర్గం ఒక రాజకీయ పక్షాన్ని ఆశ్రయించడం, ఎన్నికల ముందు, తరువాత దాడులు జరగడం, ఓడిన వర్గంవారు ఊరు విడిచి వెళ్ళడం ఈ కక్షల సాధారణ క్రమం. వేటకొడవళ్ళు, కర్రలు, నాటుబాంబులు ఇందులో వాడబడతాయి. నాయకుని వెంట తిరిగే యువకుడు మొదట ఊరేగింపుకు, తరువాత కాపలాకు, ఆపైన దాడికి పిలువబడతాడు. కేసు నమోదైన తరువాత న్యాయవాది ఖర్చుకు, జామీనుకు కూడా అతడు ఆ నాయకునిపైనే ఆధారపడతాడు. ఉద్యోగానికి ముందు జరిగే పోలీసు విచారణలో పెండింగు కేసు అడ్డంకి కాగలదు. ఇట్లు బయటి దారులు మూసుకుపోయిన కొలది ముఠాయే అతనికి ఆధారమవుతుంది.

హత్య జరిగినపుడు రెండు ఇళ్ళు దెబ్బ తింటాయి. ఒక ఇంటిలో తండ్రి మరణిస్తాడు, రెండవ ఇంటిలో తండ్రి జైలుకు వెళ్తాడు. రెండు ఇళ్ళలోని పిల్లలు ఒకే ఊరిలో, ఒకే బడిలో పెరుగుతారు. కక్ష తరువాతి తరానికి చేరేది ఇక్కడే. నివారణ పథకాల అసలు ప్రయోజనం ఈ పిల్లలను, యువకులను ఆ వరుస నుండి తప్పించడమే.

ఇటీవలి ఘటనలు

2019 శాసనసభ ఎన్నికల తరువాత పల్నాడు గ్రామాలలో తమవారిపై దాడులు జరిగాయని, అనేకులు ఊళ్ళు విడిచారని తెలుగుదేశం పార్టీ ఆరోపించి గుంటూరులో బాధితుల శిబిరం నడిపింది. 2019 సెప్టెంబరు 11న దుర్గి మండలంలోని ఆత్మకూరుకు ఆ పార్టీ తలపెట్టిన యాత్రను పోలీసులు అడ్డుకున్నారు. అంతకు ముందరి ప్రభుత్వ కాలంలో తమవారే బాధితులని వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ ప్రత్యారోపణ చేసింది. 2022 డిసెంబరు 16న మాచర్లలో ఇరు పార్టీల వర్గాల మధ్య ఘర్షణలు జరిగి ఇళ్ళు, వాహనాలు దహనమయ్యాయి.

2024 మే 13న పోలింగు రోజున, ఆ తరువాత మాచర్ల, నరసరావుపేట, గురజాల నియోజకవర్గాలలో హింస జరిగింది. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండు చేసి, కలెక్టరును బదిలీ చేసింది. ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని నియమించవలసిందిగా ఆదేశించింది. ఓట్ల లెక్కింపు తరువాత 15 రోజుల వరకు 25 కంపెనీల కేంద్ర బలగాలను రాష్ట్రంలో ఉంచవలసిందిగా కూడా సూచించింది. బలగాల మోహరింపు, నిషేధాజ్ఞలు, బైండోవర్లు అప్పటికప్పుడు హింసను ఆపగలవు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (2024 జూలై 1 నుండి అమలు) 126వ సెక్షను క్రింద శాంతిభద్రతల బాండు గరిష్ఠంగా ఒక సంవత్సరానికి, 129వ సెక్షను క్రింద సత్ప్రవర్తన బాండు గరిష్ఠంగా మూడు సంవత్సరాలకు తీసుకోవచ్చును. ఆ గడువు దాటిన తరువాత ఏమిటన్నది సంక్షేమ పథకాల పరిధిలోని ప్రశ్న.

ఉపకరించే పథకాలు

యువజన పథకాలు

నెహ్రూ యువ కేంద్రాలు 1972లో ప్రారంభమయ్యాయి. గ్రామ యువజన సంఘాలకు క్రీడా సామగ్రి, శిక్షణ, స్వచ్ఛంద సేవకు అవకాశం వీటి ద్వారా లభించేవి. 2023 అక్టోబరు 31న కేంద్ర ప్రభుత్వం మేరా యువ భారత్ అనే సంస్థను ప్రారంభించింది. 2014 జాతీయ యువజన విధానం ప్రకారం 15 నుండి 29 సంవత్సరాల వయసువారు యువతగా పరిగణింపబడతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1996లో వచ్చిన ముఖ్యమంత్రి యువజన సాధికారత పథకం యువకులను బృందాలుగా చేర్చి స్వయం ఉపాధికి సహాయం అందించింది.

బాలల సంరక్షణ

2015 బాల న్యాయ చట్టం ప్రకారం 18 సంవత్సరాలలోపు వారి కేసులు బాల న్యాయ మండలి ఎదుట విచారింపబడతాయి. ఈ మండలిలో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. కార్యకర్తలలో ఒకరు మహిళ కావలెను. ఈ చట్టంలోని 83వ సెక్షను ముఠా కక్షలకు నేరుగా వర్తించదగినది. చట్టవిరుద్ధ పనులకు పిల్లలను వాడుకొనే పెద్దలకు, లేదా పెద్దల గుంపుకు 7 సంవత్సరాల వరకు కఠిన కారాగార శిక్ష, 5 లక్షల రూపాయల జరిమానా విధించవచ్చును.

మిషన్ వాత్సల్య క్రింద స్పాన్సర్‌షిప్ సహాయంగా బిడ్డకు నెలకు 4,000 రూపాయలు లభిస్తుంది. కుటుంబ వార్షికాదాయం గ్రామాలలో 72,000 రూపాయలు, ఇతర ప్రాంతాలలో 96,000 రూపాయలు మించరాదు. చట్టంలోని 45వ సెక్షను వితంతువు లేదా విడాకులు పొందిన తల్లి పిల్లలను, బంధువుల వద్ద పెరిగే అనాథలను, తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధికి గురైన పిల్లలను, ప్రమాదం వలన అశక్తులైన తల్లిదండ్రుల పిల్లలను పేర్కొంటున్నది. హతుని బిడ్డ ఈ నిర్వచనంలోకి నేరుగా వస్తుంది. శిక్ష పడిన వ్యక్తి బిడ్డ ప్రస్తావన మాత్రం ఆ సెక్షనులో లేదు.

బాధితులు, సాక్షులు

నేర బాధితుల పరిహారానికి దండన ప్రక్రియా స్మృతిలో 2008 సవరణ ద్వారా 357-ఎ సెక్షను చేర్చబడింది. ప్రస్తుతం అది నాగరిక్ సురక్షా సంహితలో 396వ సెక్షను. పరిహార మొత్తాన్ని న్యాయ సేవాధికార సంస్థ రెండు నెలలలో విచారణ పూర్తి చేసి నిర్ణయించవలెను. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది.

కక్షల కేసులలో సాక్షులు మాట మార్చడం పెద్ద సమస్య. 2018 డిసెంబరు 5న సుప్రీంకోర్టు మహేందర్ చావ్లా కేసులో సాక్షుల రక్షణ పథకం, 2018ని ఆమోదించింది. దీని ప్రకారం జిల్లా జడ్జి అధ్యక్షతన గల కమిటీకి సాక్షి దరఖాస్తు చేసుకొనవచ్చును. పోలీసు అధికారి 5 పనిదినాలలో ముప్పు నివేదిక ఇవ్వవలెను. రక్షణ ఒక పర్యాయం మూడు నెలలకు మించకుండా ఇస్తారు, తరువాత పొడిగించవచ్చును. సంహితలోని 398వ సెక్షను ప్రతి రాష్ట్రం ఇట్టి పథకాన్ని రూపొందించవలెనని నిర్దేశిస్తున్నది.

పాఠశాల, ఉపాధి

కేరళలో 2010లో మొదలైన స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ కార్యక్రమాన్ని 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం దేశవ్యాప్తం చేసింది. ప్రభుత్వ పాఠశాలలలో 8, 9 తరగతుల విద్యార్థులకు చట్టం, క్రమశిక్షణ, పౌర బాధ్యతలపై తరగతులు ఇందులో భాగం. పాఠశాలకు 50,000 రూపాయల సహాయం నిర్ణయింపబడింది. ఉపాధి శిక్షణకు 2014లో వచ్చిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన, 2015లో వచ్చిన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన ముఖ్యమైనవి.

ఏకగ్రీవ పంచాయతీల ప్రోత్సాహకము

గ్రామ కక్షలను తగ్గించే ఉద్దేశంతో నేరుగా పంచాయతీకి ఇచ్చే గ్రాంటు ఇదొక్కటే అని చెప్పవచ్చును. ఎన్నిక పోటీ లేకుండా జరిగితే గ్రామంలో శాంతి నిలుస్తుందన్నది దీని వెనుక గల ఆలోచన. గుజరాత్‌లో 2001లో ప్రారంభమైన సమరస్ పథకం ఈ కోవలోనిదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో నిర్ణయించిన మొత్తాలు ఇవి:

* 2,000 లోపు జనాభా గల పంచాయతీకి 5 లక్షల రూపాయలు
* 2,001 నుండి 5,000 వరకు 10 లక్షల రూపాయలు
* 5,001 నుండి 10,000 వరకు 15 లక్షల రూపాయలు
* 10,000 పైబడిన పంచాయతీకి 20 లక్షల రూపాయలు

2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికలలో గుంటూరు, చిత్తూరు జిల్లాలలో ఏకగ్రీవాలు అధికంగా ఉండడంతో రాష్ట్ర ఎన్నికల సంఘం వాటి ప్రకటనను తాత్కాలికంగా నిలిపి నివేదికలు కోరింది. 2021 మార్చి పురపాలక ఎన్నికలలో మాచర్ల, పిడుగురాళ్ళ పట్టణాలలో వార్డులన్నీ ఏకగ్రీవమయ్యాయి. బెదిరింపుల వలన నామినేషన్లు వేయలేకపోయామని ప్రతిపక్షాలు ఆరోపించగా, అధికార పక్షం దానిని ఖండించింది. తరువాత 21 నెలలకే మాచర్లలో పైన చెప్పిన దహనకాండ జరిగింది. పురపాలక ఎన్నికలకు పంచాయతీ ప్రోత్సాహకంతో సంబంధం లేకపోయినా, పోటీ లేకపోవడం, శాంతి ఉండడం ఒకటి కావని ఈ అనుభవం చూపుతున్నది. ఈ గ్రాంటు నామినేషన్ల సంఖ్యను మాత్రమే కొలుస్తుంది. తరువాతి సంవత్సరాలలో ఊరిలో దాడులు జరిగినవా లేదా, ఊరు విడిచినవారు తిరిగి వచ్చారా లేదా అన్నది కొలవదు.

పథకాల ఏకీకరణ

పథకాలు ఎక్కువై, ఒక్కొక్కదానికి వేరు నిబంధనలు, వేరు ఖాతాలు, వేరు నివేదికలు ఏర్పడడంతో వాటిని కలపవలసిన అవసరం గుర్తింపబడింది. బి.కె. చతుర్వేది కమిటీ 2011లో కేంద్ర ప్రాయోజిత పథకాలను 147 నుండి 59కి తగ్గించవచ్చునని సూచించింది. 2013లో వాటిని 66గా పునర్వ్యవస్థీకరించారు. 2015లో నీతి ఆయోగ్ క్రింద మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి కన్వీనరుగా ముఖ్యమంత్రుల ఉపసంఘం ఏర్పడింది. దాని సిఫారసులపై 2016లో ఈ పథకాలు 28 గొడుగు పథకాలుగా మారాయి. ప్రతి పథకంలో 25 శాతం నిధులను రాష్ట్రాలు స్థానిక అవసరాలకు వాడుకొనే వెసులుబాటు కల్పింపబడింది.

ఈ వ్యాసానికి సంబంధించిన ముఖ్య విలీనాలు:

* 2008: యువజన కార్యకలాపాలు, జాతీయ సమైక్యత, సాహస క్రీడలు, కౌమారుల అభివృద్ధికి చెందిన నాలుగు పథకాలు కలిసి యువత, కౌమారుల అభివృద్ధి జాతీయ కార్యక్రమం అయింది.
* 2009-10: బాల న్యాయ కార్యక్రమం, వీధి బాలల కార్యక్రమం, శిశుగృహాల సహాయ పథకం కలిసి సమగ్ర బాలల సంరక్షణ పథకం అయింది. ఇదే 2021-22లో మిషన్ వాత్సల్యగా మారింది.
* 2016: నెహ్రూ యువ కేంద్రాలతో సహా ఎనిమిది యువజన పథకాలు రాష్ట్రీయ యువ సశక్తీకరణ కార్యక్రమంలో చేరాయి.
* 2018: సర్వశిక్షా అభియాన్, మాధ్యమిక శిక్షా అభియాన్, ఉపాధ్యాయ విద్య కలిసి సమగ్ర శిక్ష అయ్యాయి.
* 2025: కౌశల్ వికాస్ యోజన, అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం, జన శిక్షణ సంస్థాన్ ఒకే స్కిల్ ఇండియా కార్యక్రమం క్రిందకు వచ్చాయి.

నిధుల ప్రవాహంలోను మార్పు వచ్చింది. 2021 జూలై 1 నుండి ఒక్కొక్క పథకానికి రాష్ట్రంలో ఒకే నోడల్ సంస్థ, ఒకే బ్యాంకు ఖాతా ఉండే పద్ధతి అమలయింది.

మిగిలి ఉన్న సమస్యలు

పై విలీనాల వలన ఢిల్లీలోను, రాష్ట్ర రాజధానిలోను లెక్కలు సులభమయ్యాయి. గ్రామంలోని కుటుంబానికి మాత్రం ద్వారాల సంఖ్య తగ్గలేదు. హత్యకు గురైన ఒక రైతు కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుంటే, దానికి లభించగల సహాయం ఇట్లు విడిపోయి ఉన్నది:

* పరిహారము, ఉచిత న్యాయవాది: న్యాయ సేవాధికార సంస్థ
* సాక్ష్యం చెప్పవలసిన భార్యకు రక్షణ: జిల్లా జడ్జి అధ్యక్షతన గల కమిటీ
* పిల్లల స్పాన్సర్‌షిప్: జిల్లా బాలల సంరక్షణ విభాగం
* వితంతు పింఛను (2024 నుండి నెలకు 4,000 రూపాయలు): సచివాలయం
* పెద్ద కుమారునికి వృత్తి శిక్షణ: నైపుణ్యాభివృద్ధి సంస్థ

భర్తను కోల్పోయి, అవతలి వర్గం భయంతో ఊరు విడిచిన స్త్రీ ఈ ఐదు చోట్లకు వేర్వేరు పత్రాలతో వెళ్ళవలెను. వెళ్ళలేకపోతే ఆ పని వర్గ నాయకుడు చేసిపెడతాడు. అప్పుడు ప్రభుత్వ సహాయం కూడా ఆ నాయకుని ఉపకారంగా మారి, కుటుంబం అతనికి మరింత ఋణపడుతుంది. 2019 అక్టోబరు 2న ప్రారంభమైన గ్రామ సచివాలయ వ్యవస్థ అనేక దరఖాస్తులను ఒకే చోట స్వీకరించే వీలు కలిగించింది. పరిహారము, సాక్షి రక్షణ న్యాయ వ్యవస్థ పరిధిలోనివి కావడంతో వాటి మార్గం వేరుగా ఉన్నది.

రెండవ సమస్య వయసు. స్పాన్సర్‌షిప్ 18వ సంవత్సరంతో ముగుస్తుంది. ఆ తరువాతి సంరక్షణ చట్టం ప్రకారం సంస్థలలో పెరిగి బయటకు వచ్చినవారికి, 21 సంవత్సరాల వరకు మాత్రమే. ఇంటివద్ద పెరిగిన 19 ఏళ్ళ యువకుడు, ప్రతీకారానికి ప్రేరేపింపబడే వయసులో, బాలల పథకానికి చెందడు. యువజన పథకాలు సంఘాలకు, స్వచ్ఛంద సేవకులకు ఉద్దేశింపబడినవే గాని కేసులలో చిక్కిన వ్యక్తికి ప్రత్యేకంగా ఉద్దేశింపబడినవి కావు.

మూడవది, గ్రాంటే కక్షకు కారణం కాగలగడం. రెండు వర్గాలుగా చీలిన ఊరిలో ఒక యువజన సంఘానికి నిధులు అందితే అది ఒక వర్గపు సంఘంగానే పరిగణింపబడుతుంది. పాఠశాల ద్వారా ఇచ్చే సహాయానికి ఈ చిక్కు తక్కువ. రెండు వర్గాల పిల్లలూ కలిసి కూర్చొనే చోటు ఊరిలో చాలావరకు అదే.

ఇతర దేశాలలో

అమెరికాలో 1974 చట్టం ద్వారా బాల నేర నివారణకు సమాఖ్య కార్యాలయం ఏర్పడి రాష్ట్రాలకు గ్రాంట్లు ఇస్తున్నది. లాస్ ఏంజెలెస్ నగరంలో ముఠాల నివారణ కార్యక్రమాలు పలు విభాగాలలో చెదిరి ఉండగా, 2008లో నగర కంట్రోలర్ నివేదిక వాటిని మేయర్ కార్యాలయం క్రిందకు తేవలెనని సూచించింది. 2007లో ఏర్పడిన ముఠాల నిర్మూలన, యువజన అభివృద్ధి విభాగం క్రింద ఆ ఏకీకరణ జరిగింది.

స్కాట్లండులో గ్లాస్గో ప్రాంత పోలీసులు 2005లో హింసా నివారణ విభాగాన్ని ప్రారంభించి, హింసను ప్రజారోగ్య సమస్యగా పరిగణించారు. ఇంగ్లండు, వేల్సులలో 2019లో 18 పోలీసు ప్రాంతాలలో ఇట్టి విభాగాలకు నిధులు లభించాయి. 2022 చట్టం ద్వారా పోలీసు, ఆరోగ్య, స్థానిక సంస్థలు కలిసి ప్రణాళిక వేయడం తప్పనిసరి అయింది. ఈ ఉదాహరణలలో ఏకీకరణ శాఖల మధ్య, నగర లేదా ప్రాంత స్థాయిలో జరిగింది. పల్నాడులో దానికి సమానమైన స్థాయి జిల్లా. 2022లో జిల్లా కేంద్రం గుంటూరు నుండి నరసరావుపేటకు రావడంతో కలెక్టరు, ఎస్పీ కార్యాలయాలు మాచర్ల, గురజాల ప్రజలకు దగ్గరయ్యాయి. పై ఐదు మార్గాలనూ అదే స్థాయిలో ఒక్కటిగా కలపడం ఇంకా జరుగవలసి ఉన్నది.

ఇవి కూడా చూడండి

* పల్నాడు జిల్లా
* పల్నాటి యుద్ధం
* కారంపూడి
* మాచర్ల
* గురజాల
* నరసరావుపేట
* బాల న్యాయ చట్టం, 2015
* కేంద్ర ప్రాయోజిత పథకాలు